నతానియేలు గొంతు

మార్కాపురం బస్టాండు పక్కన సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే వినయ్ కుమార్‌కి ఒక జబ్బుంది. నలుగురూ చూసిన సినిమా అతనికి నచ్చదు. నలుగురూ చూడని సినిమా అయితే, తను కూడా చూడకపోయినా సరే, తెగ నచ్చేస్తుంది. 'మరుగున పడ్డ ముత్యాలు' అని యూట్యూబులో ఒక ఛానల్ పెట్టి, గడ్డం నిమురుకుంటూ, ఏ సినిమాలు చూడాలో లోకానికి చెబుతుంటాడు. లోకమంటే ఎవరనుకున్నారు? అతని బావమరుదులు, బుద్ధి పుట్టినప్పుడు వాళ్ళావిడ కేథరిన్.

నటుడు నతానియేలు చనిపోయినప్పుడు ఆ ఛానల్‌కి పండగొచ్చింది. నతానియేలు బేస్తవారిపేట దగ్గర పల్లెలో పుట్టినవాడు. హైదరాబాదు పోయి, ఏళ్ళ తరబడి తాగుబోతుగా, దొంగగా, హీరో చేతిలో తన్నులు తినేవాడిగా వేసి జనాన్ని నవ్వించాడు. ఊరికొస్తే దారిన పోయే ఆటోలు ఆగిపోయేవి. వినయ్ కుమార్ మాత్రం వీడియోలో పెదవి విరిచాడు.

"ఆ తాగుబోతు వేషాలు మాస్ జనానికండీ. అసలు నతానియేలుని చూడాలంటే, ఎవరూ పట్టించుకోని ఆ పాస్టరు పాత్ర చూడాలి. ఆ గొంతులో గాంభీర్యం! ఆ ఉచ్చారణ!" అని పావుగంట ఊదరగొట్టాడు. ఆ సినిమాలో అతను చూసింది పోస్టరొక్కటే.

ఆ పావుగంటే కొంప ముంచింది. నతానియేలు అక్క జ్ఞానమ్మ చెవిన ఆ మాట పడింది.

జ్ఞానమ్మ జన్మలో సినిమా చూడలేదు. వాళ్ళ చర్చి సంఘంలో అది పాపం. తమ్ముడు తెర మీద వెలిగినంతకాలం ఆమె ఆదివారం ఆదివారం ఫోనులో అతని మాటలు వినేది, ఫోను పెట్టేశాక వాడికి మారుమనసు ఇమ్మని ప్రార్థన చేసేది. ఇప్పుడా ఫోను రావడం లేదు. షుగరొచ్చి ఆమె చూపు కూడా పోయింది. ఏడాది తిరిగింది, జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఆ రోజు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తమ్ముడి గొంతు వినాలని ఆమె పట్టుబట్టింది. పాస్టరు ఆశీర్వాదం గారు తల పట్టుకున్నాడు. చివరికి తాగుడూ బూతూ లేని సినిమా ఒక్కటైతే దేవుడు చూసీ చూడనట్టు పోతాడని తేల్చాడు.

కేథరిన్ తరఫున తనకి అల్లుడి వరసయ్యే వినయ్ కుమార్‌కి ఆమె ఫోను చేయించింది. "మావోడు ఏదో పాస్టరు వేసం వేసినాడన్నావంట గదా అల్లుడూ. అది తెచ్చి పెట్టు."

"నేనుండగా నీకెందుకత్తా దిగులు! ఆ గొంతు వింటే ఒళ్ళు జలదరిస్తది," అన్నాడు మహానుభావుడు.

కూడికనాడు చర్చి కిటికీలు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టారు. వినయ్ కుమార్ ప్రొజెక్టరు తెచ్చాడు. ఊరుకోవచ్చు గదా? మైకు పుచ్చుకుని, నటనలో మౌనం గురించి ఆగకుండా మాట్లాడాడు. బయటినుంచి బిర్యానీ వాసన కొడుతుంటే ఎవరూ వినలేదు. జ్ఞానమ్మ ముందు వరసలో కొంగు తలమీదుగా కప్పుకుని, చెవి స్పీకరు వైపు పెట్టి కూర్చుంది.

తెల్లంగీ తొడుక్కుని నతానియేలు తెర మీదికి రాగానే జనం చప్పట్లు కొట్టారు.

"సహోదరులారా, ప్రేమయే పరమావధి..." అని గంభీరంగా పలికాడు.

"ఎవురీయన?" అంది జ్ఞానమ్మ.

"నీ తమ్ముడే అత్తా."

"అట్లనా? మా నతానియేలు వచ్చినప్పుడు చెప్పు."

వినయ్ కుమార్ నవ్వబోయి ఆగిపోయాడు. సౌండు పెంచాడు. తెర మీది మనిషి ఎంత పలికినా జ్ఞానమ్మ మొహంలో కదలిక లేదు.

"నాయనా, ఇది మావోడి గొంతు కాదు."

అప్పటికి గానీ అతని బుర్రకెక్కలేదు. డబ్బింగు! మంచివాడి వేషానికి మార్కాపురం మాట పనికిరాదని ఎవరో పట్నంవాడి గొంతు అతికించారు. మన యాస వాళ్ళకి తాగుబోతులకైతేనే సరిపోతుంది మరి! పావుగంట తను పొగిడింది ఎవడి గొంతునో. చెవులు భగ్గుమన్నాయి. అయినా పరువు మీద ఆశ చావలేదు.

"సినిమాల్లో గొంతు కొంచెం అట్లనే మారతది అత్తా."

"వాణ్ణి సంకనేసుకుని పెంచినా. నాకు చెప్తావా?" ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "వాడి గొంతు ఉండేది ఒక్కటన్నా లేదా అయితే?"

ఉంది. అందరికీ తెలుసు. అందరూ పాస్టరు వైపు చూశారు. ఆయన బైబిలు చంకలో పెట్టుకుని, "వంటలు యాడిదాకా వచ్చినయ్యో చూసొస్తా," అంటూ బయటికి వెళ్ళిపోయాడు.

వినయ్ కుమార్ మైకు కింద పెట్టి ఫోనులో ఆ తాగుబోతు సీను వెతికాడు. లక్షలమంది మాస్ జనం చూసింది గదా, వెతకగానే మొదటే వచ్చింది. స్పీకరుకి కలిపి పెట్టాడు. జారిపోయే లుంగీతో నతానియేలు తూలుతూ ఇంటికొచ్చి, కంచం విసిరికొట్టాడు.

"ఏందే ఇది? అన్నమా, కుడితా? నీ మొహం మండ, ఎవురు నేర్పిచ్చినారే నీకు వంట?"

చర్చిలో ఒక్కరూ నవ్వలేదు. జ్ఞానమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ గొంతు వచ్చేవైపు చాపింది.

"వచ్చినావా నాయనా," అంది.

సీను అయిపోయింది. ఆమె తడుముకుంటూ వచ్చి వినయ్ కుమార్ భుజం పట్టుకుంది.

"అల్లుడూ, ఇంకొక్కసారి తిట్టించు."