ముక్కుతో పాడే గిటారు

నేను ఒక గిటారును. అయితే 2017 ఆగస్టు ఆరో తేదీ, ఆదివారం మధ్యాహ్నం, తోటకూర పులుసులో గుమ్మడి వడియాలు నంజుకుంటూ ఒక మొగుడూ పెళ్ళామూ నా తలరాత రాసిన ఆ పూటకి నేనింకా గిటారును కాను. కాకినాడ జగన్నాథపురంలో, వాళ్ళ పెంకుటింట్లో, టేకు బీరువాకి రెండు అరలను. పై అరలో పట్టుచీరలు, కింది అరలో దుప్పట్లు. ఇప్పటికీ వాన పడితే నా ఒంటి నుంచి కలరా ఉండల వాసన వస్తుంది.

మొగుడి పేరు అచ్యుతం. మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళాం హైమావతి. వయసులో ఉండగా ఊళ్ళో ఆర్కెస్ట్రాలో ఆయన గిటారు వాయించేవారు, ఆవిడ పాడేవారు. పదిమంది పెళ్ళిళ్ళలో పాడాక పదకొండోది వాళ్ళదే అయింది. అప్పటికి రెండేళ్ళ క్రితం ఆవిడకి మెడ దగ్గర ఆపరేషన్ జరిగింది. గొంతు పోలేదు గానీ కిందికి దిగిపోయింది. అంతే, ఆవిడ పాట మానేశారు. కూర తరిగేటప్పుడు కూనిరాగం కూడా లేదు. ఇల్లంతటికీ ఫ్యాను చప్పుడే మిగిలింది.

ఆ ఆదివారం మాస్టారు అడిగారు. "ఒక్క పాట పాడకూడదా హైమా? నా ఒక్కడికే."

"పాడతాను లెండి. ఆ పాత గిటారు తెచ్చి వాయించండి, అప్పుడు పాడతాను."

ఆ పాత గిటారు తొంభై ఆరు తుపానులో గోడ కింద పడి పుల్లపుల్లలైపోయిందని ఆవిడకి తెలుసు. కుందేటి కొమ్ము తెమ్మని అడిగి, ఇక ఈ గొడవ తీరిందనుకుని, నిశ్చింతగా మజ్జిగ పోసుకున్నారు. మాస్టారు మాత్రం వడియం కొరకడం ఆపేశారు. సాకును నిజంగా నమ్మేవాళ్ళు లోకంలో తక్కువ. అలాంటివాణ్ణి ఆవిడ ఏరికోరి చేసుకున్నారు.

పాతదానికి మిగిలిన ఆనవాలు ఒకే ఒక్క నలుపు తెలుపు ఫొటో. దాన్ని చూసి మాస్టారు చార్టు మీద నిలువెత్తు బొమ్మ గీశారు. ఆ గిటారు కూడా అసలుదేం కాదు, ఏదో విదేశీ గిటారును చూసి కలకత్తాలో ఎవరో చేసిన నకలు. అంటే నేను నకలుకి నకలును. ఈ సంగతికి నేనేం సిగ్గుపడను. మనుషులు కూడా అలాగే పుడతారు గదా, తాత ముక్కని, మేనత్త నవ్వని.

మంచి ఎండిన టేకు కోసం మాస్టారు నాలుగు అడితీలు తిరిగి, ఐదో రోజు బీరువా వైపు చూశారు.

"నా చీరలు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు ఆవిడ.

"ట్రంకుపెట్టె ఉందిగా."

"ఆ పెట్టెలో మీ బొమ్మలున్నాయి."

"బొమ్మలు అటక మీదికి పోతాయి."

వడ్రంగి నా రెండు అరలనూ ఒకదాని మీద ఒకటి అతికించి, నడుము దగ్గర కోసి, ఒళ్ళు తీర్చాడు. మెడ బెంగళూరు నుంచి పార్శిల్లో వచ్చింది. తెల్లటి కర్ర, మంచి నునుపు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక రంగు దగ్గర పేచీ వచ్చింది. మాస్టారు నీలం అన్నారు.

"ఏం నీలమండీ! ఆకుపచ్చ. దానికి మ్యాచింగని నేను చీర కూడా కొనుక్కున్నాను. మీరు చూస్తేగా!" అని ట్రంకుపెట్టె అడుగు నుంచి చీర లాగి ఆయన ఒళ్ళో పడేశారు. స్కూటర్లకి రంగులు వేసే కుర్రాడు ఆ చీర కొంగు చూసే నాకు రంగు కొట్టాడు. తన సాకుకి తానే గొయ్యి తవ్వుకుంటున్న సంగతి ఆవిడకి అప్పటికి తట్టలేదు.

తర్వాత నన్ను పాతదాన్ని చేశారు. గరుకు కాగితం పెట్టి అంచులు గీకారు, మెడకి టీ డికాషన్ పట్టించారు. మాస్టారికి దీనికి ఆదివారం పొద్దున్నే తీరిక. ముందు తన జుట్టుకి నల్లరంగు వేసుకుని, అది ఆరేదాకా కూర్చుని నన్ను ముసలిదాన్ని చేసేవారు.

అసలు చిక్కు పికప్‌ల దగ్గర వచ్చింది. గిటారు తీగల కింద కూర్చునే అయస్కాంతాన్నీ, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగతో చుట్టిన వేల చుట్లనూ కలిపి పికప్ అంటారు. తీగ వణుకును కరెంటుగా మార్చి స్పీకరుకి పంపేది అదే. ఒళ్ళు ఎంత బాగున్నా, గొంతు మాత్రం దానిదే. నాకు అలాంటివి రెండు కావాలి.

మొదట విదేశాల నుంచి ఒక జత వచ్చింది. మాస్టారు వాయించారు. హైమావతిగారు వంటింట్లోంచి చెవి పెట్టి విన్నారు.

"ఇది కాదండీ. ఫినాయిలు పోసి కడిగినట్టుంది."

రెండో జత లావుపాటిది. "ఇదీ కాదు. పీకల దాకా తిని మాట్లాడుతున్నట్టుంది."

ఆవిడ అబద్ధం చెప్పలేదని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను. కాకపోతే 'కాదు' అన్న ప్రతిసారీ ఆవిడ చెయ్యి మెడ మీది మచ్చ దగ్గరికి వెళ్ళేది, ఊపిరి తేలిగ్గా వచ్చేది. మూడో జత కూడా కాదంటే మాస్టారు ఇంక అడగరు. అలా అని ఆయన అనలేదు. నన్ను తుడిచే పద్ధతి చూస్తే తెలుస్తూనే ఉంది.

మూడో జత చుట్టింది నూకరాజు. వంతెన దగ్గర మోటారు వైండింగు షాపు అతనిది. ఫ్యాన్లూ, నీళ్ళ మోటార్లూ అతని లోకం.

"ఎన్ని చుట్లండి మాస్టారూ?"

"ఏడెనిమిది వేలు."

"అయ్యబాబోయ్! ఫ్యానుకైతే వందల్లో అయిపోద్దండి. మీ గిటారుకి ఆకలెక్కువ."

మార్చి నెలలో ఒక సాయంత్రం నూకరాజే సోల్డరింగు ఐరను పట్టుకుని ఇంటికొచ్చి ఆ జతను నాకు బిగించాడు. ఒక్కో పికప్‌ను విడిగా వింటే బాగానే పలికింది. రెండూ కలిపి మోగేలా మీట నడిమికి తిప్పి మాస్టారు తీగ మీటగానే, నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. పల్చగా, జలుబు చేసినవాడు ముక్కుతో పాడినట్టుంది.

నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. "రెండోదానికి మొదలూ చివరా తిరగేసి కలిపేశానండి! మోటార్లో పక్కపక్క చుట్లు ఎదురెదురుగా కలపాలి, లేదంటే అది తిరగదు. చెయ్యి అలవాటండి, మా నాన్న నేర్పిందే. రెండు నిమిషాలు ఆగండి, ఐరను వేడిగానే ఉంది. మార్చేస్తే గొంతు నిండుగా వస్తది."

మాస్టారు తల ఊపారు. ఆయనకి తెలియలేదు. వాయించేవాడికి తన వేళ్ళే వినిపిస్తాయి. గిటారు వినిపించేది దాని వెంట పాడినవాళ్ళకి.

హైమావతిగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ. ఆ మొహం నాకు ఎదురుగా ఉంది. ఆవిడ చేయాల్సిందేమీ లేదు, ఊరుకుంటే చాలు. రెండు నిమిషాల్లో ఆ గొంతు పోతుంది, సాకు చిరకాలం బతుకుతుంది, ఎవరికీ తెలియదు. నూకరాజు నా మీదికి వంగాడు. ఐరను వేడి నా పొట్టకి తగిలింది.

"ముట్టుకోకు నూకరాజూ."

ఇద్దరూ తల తిప్పి చూశారు.

"ఇదేనండీ," అన్నారు ఆవిడ. బీరకాయ వైపు చూస్తూ అన్నారు. "ఆ ముక్కు గొంతే. ఇదే."

మాస్టారికి అప్పుడు వెలిగింది. "ఒరే, ఎనభై ఒకటిలో పాత గిటారు లోపలి తీగ తెగిపోతే మళ్ళీ చుట్టి ఇచ్చింది మీ నాన్నే కదరా!"

"అయితే ఇది నా తప్పు కాదండి," అన్నాడు నూకరాజు ఐరను కింద పెట్టేసి. "మాకు వంశపారంపర్యం."

తిరగేసి కలిపిన ఆ రెండు తీగలూ ఇప్పటికీ నా కడుపులో అలాగే ఉన్నాయి. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి సరిచేస్తామంటే ఆవిడ కాఫీ ఇచ్చి పంపేస్తారు.

మాస్టారు ఇక పాడమని అంటారనుకున్నాను. అనలేదు. తలొంచుకుని నా బిరడాలు ఒక్కొక్కటే తిప్పి, ఆరు తీగల శ్రుతిని రెండేసి మెట్లు కిందికి దించారు.

"అంత దించారేం?" అన్నారు ఆవిడ.

"వేళ్ళు నొప్పెడుతున్నాయి హైమా. తీగలు వదులుగా ఉంటే నాకు సుఖం."

అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. ఆవిడకి తెలిసిపోయింది. బీరకాయ బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నారు.

మొదటి మాటకే గొంతు జీరపోయింది. ఆగారు. నేను ఆగలేదు, ముక్కుతోనే అయినా దారి చూపిస్తూ నడిచాను. రెండోసారి ఎత్తుకున్నారు. అది పాత గొంతు కాదు. బరువుగా, కింద నేల మీద నడిచే గొంతు. తీగ చుట్ట సంచీలో పెట్టుకోవడానికి నూకరాజుకి పల్లవి అంతా పట్టింది. చరణం మధ్యలో చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చరణం సగంలోనే మాట మర్చిపోయి ఆవిడ నవ్వేశారు. ఈ పూటకి ఇంతే చాలనుకుని మాస్టారు నన్ను గోడకి ఆనించబోయారు.

"అప్పుడే పెట్టేస్తారేం? ఉండండి," అని హైమావతిగారు లేచారు. ఏడున్నరైనా కాలేదు, ఎదురింటి వాళ్ళు ఇంకా అరుగు మీదే ఉన్నారు. ఆవిడ వెళ్ళి వీధి తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, ఆ రాత్రికి గడియ పెట్టేశారు.