బల్ల దగ్గర ఉండిపోయినవాళ్ళు

ఆ ఇంట్లో కూతురు ఒక్కతే. అయినా పొద్దున్నే పాలగిన్నె దించి తల్లి ఐదు గ్లాసులు వరసగా పెడుతుంది. ఒకటి వంటింటి గట్టు మీదే వదిలేసి, మిగతా నాలుగూ పళ్ళెంలో పెట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుంటూ లోపలి గదిలోకి వెళ్తుంది. అక్కడ బల్ల చుట్టూ నలుగురు కూర్చుని చదువుతుంటారు. నలుగురూ ఆ ఒక్క కూతురే.

యూనివర్సిటీలో డాక్టరు చదువుకి మొదటిసారి దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, సీటు రానప్పుడు పిల్ల ఓ పగలంతా దుప్పటి ముసుగులోంచి బయటికి రాలేదు. సాయంత్రం తండ్రి మంచం పక్కన కూలబడి, "మళ్ళీ రాద్దామా తల్లీ?" అన్నాడు. ముసుగులోంచి "ఊ" అని వినబడింది. మర్నాడు పొద్దున చూస్తే పెరట్లో పళ్ళు తోముకుంటూ ఒకతి, లోపల బల్ల దగ్గర పుస్తకంలో తల దూర్చుకుని ఒకతి. తల్లి ఇటు చూసింది, అటు చూసింది, ఇంకో గ్లాసు కడిగింది. మరుసటి ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. రాయడం, పోవడం, "మళ్ళీ రాద్దామా", "ఊ". పొద్దున్నే ఒకతి లేచేది, ఒకతి ఉండిపోయేది. లేచినదానికి ఏడాది వయసు పెరిగేది. ఉండిపోయినదానికి గోరు కూడా పెరిగేది కాదు. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

అందరికన్నా ముందు ఉండిపోయినది చిన్నది. పదిహేడేళ్ళు, రెండు జడలు, గడ్డం మీద ఒక మొటిమ. నాలుగేళ్ళుగా ఆ మొటిమను గిల్లుకుంటూనే ఉంది, అది పండనూ లేదు, మాననూ లేదు. రెండోది, తల ఆరబెట్టుకోవడానికి కూడా టైము దండగని జుట్టు కత్తిరించుకున్న ఏడాది ఉండిపోయిన పిల్ల. మూడోది కళ్ళు మూసుకుని నరాల పేర్లు వల్లె వేస్తుంది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటి నరం నుంచి ఎత్తుకుంటుంది. నాలుగోది చదవదు. పుస్తకం తెరిచి పెట్టుకుని కిటికీ వంక చూస్తుంది. కిటికీ అవతల పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు. తల్లికి నాలుగోదాన్ని చూస్తేనే ఎక్కువ భయం.

బయట తిరిగేది పెద్దది. దానికి ఇరవై ఒకటి. బజారుకి వెళ్ళేదీ, కరెంటు బిల్లు కట్టేదీ, చుట్టాల నోళ్ళలో పడేదీ అదే.

తల్లి ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. బల్ల చాలడం లేదని బట్ట కత్తిరించే తన బల్లను కూడా దానికి జతచేసి, తను నేల మీద మోకాళ్ళేసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. మోకాళ్ళు ఊరుకుంటాయా, మూలగడం మొదలుపెట్టాయి. ఒకరోజు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"మీవాళ్ళు ఎంతమందయ్యారు వదినా?"

"లోపల నలుగురు."

"నయమే. మా ఆడపడుచు కొడుకు బ్యాంకు పరీక్షలకి ఏడుగురయ్యాడు. ఎంగిలి పళ్ళాలు కడగలేక చస్తున్నానని ఫోను చేసినప్పుడల్లా ఒకటే గోల. నీ పిల్ల బుద్ధిమంతురాలు, ఈసారి వచ్చేస్తుందిలే."

ఊళ్ళో అందరికీ ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చు. చెప్పేవాడికేం పోయింది?

తండ్రి పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. మూలన స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళని "ఎన్నో అంతస్తు సార్?" అని అడిగి మీట నొక్కడం ఆయన పని. "రోజంతా పైకే పోతాను, సాయంత్రానికి చూస్తే కిందే ఉంటాను" అని తనమీద తనే జోకు వేసుకుని నవ్వేవాడు, మొదట్లో. తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు తలుపు మీద వెలిగే అంకెల వంక చూస్తారు తప్ప ఆయన వంక చూడరు. అలాంటి కోటు వేసుకుని కూతురు లిఫ్టెక్కాలనీ, "నాన్నా, నాలుగు" అనాలనీ ఆయన ఆశ. ఆశపడటం తప్పా? కాదు. కాకపోతే ఆశ ఆయనది, కూర్చునే నడుం పిల్లది.

ఆయన ఇప్పుడు లోపలి గదిలోకి వెళ్ళడు. వెళ్తే చిన్నది తలెత్తుతుంది. "ఈ ఏడు వచ్చేస్తుంది కదా నాన్నా?" అని అడుగుతుంది. నిన్న అడిగిన సంగతి దానికి గుర్తుండదు. అదే మొహం, అదే వెలుగు. రెండేళ్ళు "వచ్చేస్తుంది తల్లీ" అని చెప్పాడు. ఆ తర్వాత ఆ మాట అనలేక, స్నానానికి వెళ్ళాలన్నా ఇంటి చుట్టూ తిరిగి పెరటి వైపునుంచి వెళ్తున్నాడు.

దరఖాస్తుల రోజులు వచ్చాయి. పెద్దది కాగితాలు తెచ్చుకుని బల్ల చివర స్టూలు వేసుకుని కూర్చుంది. అన్నీ చకచకా నింపేసింది, చెయ్యి అలవాటు పడిపోయింది. ఒక్కచోట ఆగింది. మీరు ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారు, అని ప్రశ్న. కింద పది గీతలు. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా ఒక్క ముక్క తట్టలేదు. చివరికి చిన్నదాని మోచెయ్యి తట్టింది.

"ఏమే, మొదటి ఏడు ఇక్కడ ఏం రాశానే?"

చిన్నది సంబరంగా ఇటు తిరిగింది. చదువు కాని సంగతి దాన్ని ఎవరూ అడగరు మరి. "పేదవాళ్ళకి సేవ చెయ్యాలనుందని రాశాం కదా! చోటు చాలక పక్కన కూడా రాశాం."

"నిజంగా అనుకున్నామా?"

"నాన్న లిఫ్టులోకి ఎక్కి 'నాలుగు' అంటే నాన్న మొహం ఎలా ఉంటుందో అనుకున్నాం. అలా రాయకూడదుగా, అందుకని సేవ అని రాశాం."

"నాన్న సంగతి సరే. నీకో? నీకు ఇష్టమేనా?"

చిన్నది మొటిమ గిల్లుకుంటూ ఆలోచించింది. "ఏమో. ఎవరూ అడగలేదుగా," అని మళ్ళీ పుస్తకంలోకి వంగింది.

పెద్దది ఆ పది గీతల మీద సేవ గురించే రాసింది. మర్నాడు యూనివర్సిటీకి వెళ్ళి క్యూలో నిలబడింది. ముందూ వెనకా అందరూ పదిహేడేళ్ళవాళ్ళు. వాళ్ళ తల్లులు గొడుగులు పట్టారు, తండ్రులు ఫైళ్ళు పట్టుకున్నారు. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, "మీ చెల్లి కోసం వచ్చారా అక్కా?" అని మర్యాదగా అడిగింది. పెద్దది అవునంది. అద్దం వెనక గుమాస్తా కాగితాలు తిరగేసి తలెత్తాడు.

"ఐదోసారా అమ్మా?"

"అవునండి."

"ఇదే ఆఖరు. ఐదు దాటితే దరఖాస్తే తీసుకోరు. తెలుసు కదా?"

"తెలుసండి."

"మరి బాగా రాయి," అన్నాడాయన. పాపం, ఆయన మాత్రం అంతకన్నా ఏం చెయ్యగలడు?

రాసింది. బాగానే రాశాననుకుంది. నాలుగుసార్లు కూడా బాగానే రాశాననుకుంది కాబట్టి ఆ మాట ఎవరితోనూ అనలేదు. హాలు బయట ఎండలో నిలబడిన తండ్రి కూడా ఎలా రాశావని అడగలేదు. ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చారు.

ఫలితాలు వచ్చిన రోజు తండ్రి డ్యూటీలో ఉన్నాడు. కింద అంతస్తులో ఒక చిన్న డాక్టరమ్మ ఎక్కింది. పెద్దదానికన్నా రెండు మూడేళ్ళు ఎక్కువుంటాయేమో. ఆమె చేతిలో ఫోను చూసి, తండ్రి ధైర్యం కూడగట్టుకుని, చొక్కా జేబులోంచి నంబరు చీటీ తీసి ఇచ్చాడు.

"మా అమ్మాయిదండి. ఒక్కసారి చూసిపెడతారా?"

ఆమె నంబరు కొట్టింది. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. ఆమె ఫోనుని కిందికీ పైకీ జరిపింది, ఇంకోసారి కొట్టి చూసింది. మూడు దాటింది.

"లేదండి," అంది మెల్లగా. "కొంచెంలో పోయింది. మళ్ళీ రాయమనండి, నాకూ రెండోసారే వచ్చింది."

తలుపు తెరుచుకుంది. ఆమె దిగింది. స్ట్రెచరు ఒకటి, దాని వెనక ఏడుస్తూ ఇద్దరు ఎక్కారు. తండ్రి వాళ్ళకి చోటిచ్చి గోడకి ఒదిగాడు. "ఎన్నో అంతస్తు సార్?" అని అడిగాడు. ఆ రోజు సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాల్సిన పనిలేకపోయింది. గుమ్మంలో చెప్పులు విడిచిన తీరు చూసి తల్లికి అర్థమైపోయింది. పెద్దది ముసుగు తన్నలేదు, ఏడవలేదు. బల్ల చివర స్టూలు మీద కూర్చుంది, అంతే. తండ్రి వచ్చి గది గుమ్మం బయట నిలబడ్డాడు. అడగడానికి ఇక 'మళ్ళీ' అనేది లేదు. వెళ్ళి అరుగు మీద పడుకున్నాడు.

మర్నాడు పొద్దున తల్లి పొయ్యి ముందు నిలబడి చెవులు రిక్కించింది. పెరట్లో పళ్ళు తోముకుంటున్న చప్పుడు లేదు. బక్కెట్టు చప్పుడూ లేదు. తండ్రి డ్యూటీకి వెళ్ళిపోయాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పరుగున లోపలికి వెళ్ళింది. బల్ల దగ్గర ఐదుగురూ ఉన్నారు. పెద్దది ఐదోదై, నాలుగోదాని పక్కన కూర్చుని, అదే కిటికీ వంక, అదే గోడ వంక చూస్తోంది.

ప్రతి ఏడూ ఒకతి ఉండిపోయేది, ఒకతి లేచేది. ఈసారి లేచినవాళ్ళు లేరు.

"లేవవే," అంది తల్లి. భుజం పట్టుకుని కుదిపింది. "లేవవే తల్లీ. ఏ షాపులోనో పనికి పోదువుగాని. కర్టెన్లు కుడదాం ఇద్దరం. ఏదో ఒకటి చేద్దాం. లే ముందు."

"ఎటు లేవమంటావమ్మా?" అంది పెద్దది. గొంతులో కోపం లేదు, అదే తల్లికి భరించరానిదైంది. "ఇన్నేళ్ళూ లేచానంటే మరుసటి ఏడు ఉంది కనుక. దాంట్లోకి లేచాను. ఇప్పుడు ఏముంది? నాకు కాళ్ళు రావడం లేదు."

"ఒక్క సీటు కోసం ఇదంతా ఏంటే?"

"నాకేం తెలుసమ్మా. నువ్వెప్పుడూ ఆ మాట అనలేదుగా."

తల్లి నేల మీద కూలబడి ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. రెండోదీ, మూడోదీ తలెత్తలేదు. చిన్నది మాత్రం పుస్తకం మీంచి తల్లి వంక చూసింది. చూసి, కంగారుగా మళ్ళీ అక్షరాల్లోకి దిగబోయింది. ఆ చూపు పెద్దదాని కంటబడింది. పెద్దది చిన్నదాని వంక చూసింది. ఒక్కసారే ఓడిపోయిన పిల్ల. ఇంకా మొహంలో నెత్తురున్న పిల్ల.

పెద్దది గోడ పట్టుకుని, ముసలివాళ్ళలా లేచి, బల్ల చుట్టూ నడిచి చిన్నదాని దగ్గరికి వచ్చింది.

"జరుగు. నేను కూర్చుంటా."

"నా చాప్టరు అవ్వలేదు."

"నీ వంతు నేను చదువుతాలే. నువ్వు లే."

"మరి సీటు?"

"అదీ నేను చూసుకుంటా."

చిన్నది నమ్మింది. ఆ వయసులో ఎవరు ఏం చెప్పినా నమ్మేది. పెద్దది కూడా అలా నమ్మే ఇక్కడిదాకా వచ్చింది. పెన్ను మూత పెట్టి, ఆ పేజీలో వేలుంచి, పుస్తకం అందించింది. లేచి నిలబడితే మోకాళ్ళు టకటకమన్నాయి.

"నాన్న అడుగుతారేమో," అంది. "మళ్ళీ రాద్దామా అంటారు. ఏం చెప్పను?"

"నీకేం అనిపిస్తే అది చెప్పు. నేను ఊ అన్నాను. అది నాకు అనిపించింది కాదు."

తల్లికి ఎవర్ని పట్టుకోవాలో తెలియలేదు. ఒక చెయ్యి చిన్నదాని జడ మీద, ఒక చెయ్యి పెద్దదాని భుజం మీద వేసి నిలబడింది. ఏ కూతురి కోసం ఏ కూతుర్ని వదులుకుంటావని ఏ తల్లినీ అడగకూడదు, ఇద్దరూ ఒక్కతే అయినా సరే. పెద్దది మెల్లగా తల్లి చెయ్యి తీసి పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది చిన్నది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి తండ్రి ఇంటికొచ్చేసరికి మెట్ల మీద రెండు జడల పిల్ల కూర్చుని బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తింటోంది. ఎండకి కళ్ళు చికిలిస్తోంది. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. అది ఎవరో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చి, కింద మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ళ నీళ్ళు చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. నాలుగేళ్ళుగా నాలుక మీద అరిగిపోయిన మాట దానంతటదే జారింది.

"మళ్ళీ రాద్దామా తల్లీ?"

పిల్ల నోట్లోది మింగింది. "వద్దు నాన్నా. నాకు ఇష్టం లేదు."

ఆయన దాని మొహంలోకి చూశాడు. తర్వాత రోడ్డు వంక చూశాడు.

"సరేలే," అన్నాడు. "ఇష్టం లేకపోతే వద్దు."

లోపల, చిన్నది వదిలేసిన కుర్చీలో కూర్చున్న పెద్దది ఆ మాట విన్నది. ఆ మొదటి ఏడే తను వద్దని ఉంటే నాన్న ఇలాగే సరే అనేవాడేమో అని, తలెత్తి తలుపు వంక చూసింది. మళ్ళీ వంగి, పేజీ తిప్పింది.