వ్యాను దిగని మనిషి

చాంద్ బాషా పోయి తొమ్మిది రోజులైంది. ఇంకా మట్టిలోకి చేరలేదు. సౌదీలోని హుఫూఫ్‌లో ఆసుపత్రి వాళ్ళ శవాల గదిలో పడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళు ఊరందరి ఏసీలూ బాగుచేసినవాడికి ఆఖరికి ఆ చల్లటి గది నుంచి బయటపడే దారి లేకుండా పోయింది, చూశారా!

కావలసింది పోలీస్ స్టేషన్లో ఒక్క సంతకం. అది ఆయన వెంట తమ్ముడిలా తిరిగిన ఖాదర్ చెయ్యాలి. ఖాదర్ చెయ్యడం లేదు.

ఇష్టంలేక కాదు పాపం. రాయచోటి నుంచి చాంద్ బాషా భార్య హమీదున్నీసా పంపిన కాగితంలో, తన భర్తను అక్కడే ఖననం చేయించే అధికారం ఖాదర్‌కు ఇస్తున్నట్టు ఉంది. ఖాదర్ చూస్తే నాలుగేళ్ళుగా దొంగబతుకు బతుకుతున్నాడు. పనికి తెచ్చుకున్న కఫీల్, అంటే యజమాని, దుకాణం మూసేసి, ఖాదరే పారిపోయాడని హురూబ్ రాయించాడు. ఆ రోజుతో ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, చెల్లకుండా పోయింది. తనంతట తాను ఇంటికి పోలేడు, దొరికితే ఇక్కడ ఉండలేడు. ఏ పోలీసైనా వేలిముద్ర వేయిస్తే తర్హీల్ జైలు, అటునుంచి విమానం, మళ్ళీ ఈ దేశం మొహం చూసేది లేదు. కూతురు అఫ్షాన్ నర్సింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. ఇంకో ఎనిమిది నెలలు ఎలాగో దాక్కుంటే ఆ పిల్ల గట్టెక్కుతుంది. ఎనిమిదంటే ఎనిమిది నెలలు!

ఈ సంగతి హమీదున్నీసాకు తెలియదు. మనవాళ్ళ జబ్బే అది. ఇక్కడి కష్టం ఇంటికి చెప్పరు. ఒకరి కష్టం ఇంకొకరు అసలే చెప్పరు.

ఆ ఉదయం కూడా ఆమె ఫోన్ చేసింది.

"ఏం నాయినా ఖాదరూ, పని అయిందా?"

"అయితాది వదినా. ఒకటి రెండు దినాలు."

"ఆయన మట్టిలోకి పోందే నాకు ముద్ద దిగల్యా. మా పిల్లోడు నవాజ్ ఇంగొకరి పేరు రాయిద్దామంటే నేనే వద్దన్యా. 'నాకేమన్నా అయితే ఖాదర్ ఉండాడు' అని మీ అన్న ఎన్నిసార్లు చెప్పినాడో!"

నిజం చెప్పేద్దామని ఖాదర్ నోరు తెరిచాడు. చెబితే ఇంకో కాగితం, మళ్ళీ నోటరీ, మళ్ళీ ముద్రలు, ఇంకో వారం రోజులు. అన్నిరోజులూ ఆ తల్లి పస్తు. "సరే వదినా" అని పెట్టేశాడు.

చాంద్ బాషా చేతికి ఎముక లేదనేవాళ్ళు. ఎండాకాలం విల్లాల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నా, ముందు కూలీల గదుల్లో ఏసీలు ఊరికే బాగుచేసి, ఆ తర్వాతే అటు వెళ్ళేవాడు. శుక్రవారం వస్తే పెద్ద డేగిసాలో నలభై మందికి వండేవాడు. కూతురు సల్మా నిఖా కూడా ఫోన్లోనే చూశాడు. ఆ వారం కరీంనగర్ వాడెవడో ఇక్కడ చనిపోతే, వాడి కాగితాల కోసం తిరుగుతూ టికెట్ వదులుకున్నాడు మరి. కూతురు నిఖా కన్నా ఎవరో శవం ఎక్కువా అని మనం అడగొచ్చు. ఆయన్ని అడిగితే నవ్వేవాడు.

అలా ఈ నాలుగేళ్ళలోనే పదకొండు మందిని సాగనంపాడు. ప్రతిసారీ ఖాదర్ వెంట వెళ్ళేవాడు. కానీ పోలీస్ స్టేషన్ బయట ఆయన ఏసీల వ్యానులోనే, సామాన్ల వెనక నక్కి కూర్చునేవాడు. చాంద్ బాషా తిరిగొచ్చి, "నాలుగు జిరాక్సులు పెట్టుకోవల్ల. నీలం పెన్ను ఉండల్ల. మధ్యాన్నం జుహర్ నమాజ్ అయినంక పోవల్ల, అప్పుడు ఆఫీసర్ మంచిగుంటాడు" అని పాఠం చెప్పేవాడు. "నాకెందుకన్నా ఇవన్నీ?" అంటే, "ఉండనీ రా" అనేవాడు.

అన్నిటికన్నా ఖాదర్‌ను కోసేది ఇంకొకటి ఉంది. రెండేళ్ళ కింద తల్లి మదార్బీ పోయింది. ఖాదర్ వెళ్ళలేకపోయాడు. భార్య షబానా ఏడుస్తూ ఎందుకు రావని నిలదీస్తే, చాంద్ బాషా ఫోన్ లాక్కుని, "నేనే పంపలేదమ్మా. పని ఎక్కువుంది" అన్నాడు. షబానా శివాలెత్తింది. "మా యత్తకు కొడుకు చేతి మట్టి లేకుండా జేసినావు. నీకూ మట్టి దక్కదు పో!" అంది. ఆయన ఆ శాపం విని, ఫోన్ తిరిగిచ్చి, ఏసీ ఫిల్టర్ కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఖాదర్ పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. అంత పిరికి సన్నాసి!

ఇప్పుడా శాపం ఫలిస్తోంది. ఫలింపజేస్తున్నది తనే. అది తట్టేసరికి ఖాదర్‌కు కూర్చోబుద్ధి కాలేదు. నాలుగు జిరాక్సులు, నీలం పెన్ను సంచిలో వేసుకున్నాడు. జుహర్ నమాజ్ అయ్యాక స్టేషన్ మెట్లెక్కాడు.

కిటికీ వెనక నెరిసిన గడ్డం ఆఫీసర్ కాగితాలందుకుని, "ఎప్పుడూ అబూ నవాజ్ కదా వచ్చేది? ఆయనేడీ?" అని అరబ్బీలో అడిగాడు. నవాజ్ తండ్రి అని చాంద్ బాషాను వీళ్ళు అలాగే పిలిచేవాళ్ళు.

ఖాదర్ కాగితంలో చనిపోయినవాడి పేరు మీద వేలు పెట్టి చూపించాడు.

ఆఫీసర్ ఆ పేరు చూశాడు. మెల్లగా దువా చదివాడు. తర్వాత, "ఇకామా?" అన్నాడు.

ఖాదర్ అంచులు అరిగిన కార్డు ఇచ్చి, వేలిముద్ర వేశాడు.

"నీ మీద హురూబ్ ఉంది."

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"ఆయన మట్టిలోకి పోవాలి."

ఆఫీసర్ కార్డు సొరుగులో వేసి, ముద్ర కొట్టి, ఒక కానిస్టేబుల్‌ని పిలిచాడు. "ముందు ఖననం. అయ్యాక ఇతన్ని నా దగ్గరికి తీసుకురా."

సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత, ఖర్జూర తోటల అంచున ఉన్న శ్మశానానికి అరవై మంది వచ్చారు. ఖాదరే శవానికి గుసుల్ స్నానం చేయించాడు, ఖాదరే గోరీలోకి దించాడు. అందరితోపాటు మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు. కానిస్టేబుల్ గడియారం చూసుకుంటుంటే, ఒక్క నిమిషం అని బతిమాలి ఫోన్ తీశాడు.

"షబానా, నన్ను చాంద్ బాషన్న ఆపలేదే. నాకు కాగితాలు ల్యావు. నాలుగేండ్లాయ. నా పరువు కోసం ఆయప్ప నీతో తిట్లు తిన్యాడు."

షబానా ఒకటే అడిగింది.

"ఇప్పుడు యాడుండావు?"

"గోరీ కాడ. పోలీసాయన పక్కనే ఉండాడు. పట్టుకపోతారు. అఫ్షాన్ చదువు..."

"దాని సంగతి మళ్ళ." షబానా ఆ మాట మధ్యలోనే తుంచేసింది. "మట్టి ఏసినావా?"

"మూడు పిడికిళ్ళు ఏసినా."

"నా పేరు జెప్పి ఇంగొకటి ఎయ్యి. ఫోను పెట్టాకు. నాకు ఇనపడల్ల."

ఖాదర్ వంగి, ఫోను గోరీ దగ్గరగా పట్టుకుని, నాలుగో పిడికెడు వేశాడు.