ఖాళీ గొట్టంలో బ్యాక్టీరియా

మట్టి ఇమ్మంటే ఎవరైనా ఇచ్చేవారు. రెండోది అడిగినప్పుడే ముఖాలు మారిపోయేవి. చిట్టి పరిశోధనకు రెండూ కావాలి: పొలంలో మట్టి, ఆ పొలంలో పనిచేసే మనుషుల మలం. మట్టిలో బతికే సూక్ష్మజీవులకూ, మన పేగుల్లో బతికేవాటికీ ఏమైనా చుట్టరికం ఉందా అన్నది తేల్చాలని ఆమె పట్టుదల.

మొదట సొంత అక్క ఇంటికే వెళ్లింది. బావ టమాటా పండిస్తాడు. మూత ఉన్న చిన్న డబ్బా బల్లమీద పెట్టి సంగతి చెబితే, ఆయన డబ్బానూ మరదలినీ మార్చి మార్చి చూశాడు.

"పొలమంతా తవ్వుకుపో, అడ్డు చెప్పను. ఇంత చదువు చదివింది దీన్ని ఏరుకోవడానికా?" అన్నాడు.

అక్క నవ్వాపుకోలేక వంటగదిలోకి వెళ్లిపోయింది. అయినా మర్నాడు డబ్బా చిట్టి చేతికి వచ్చింది. అంతటితో ఆగకుండా, మొహమాటపడుతున్న చుట్టుపక్కల రైతులకు నచ్చజెప్పి వాళ్లచేత కూడా బావే ఇప్పించాడు.

పోల్చడానికి ఆసుపత్రి నుంచి పేగుల డాక్టరు తన రోగుల నమూనాలు అప్పటికే పంపాడు. యాంటీబయాటిక్స్ వాడి వాడి, విరేచనాలు కట్టక మళ్లీ మళ్లీ మంచమెక్కేవాళ్లవి అవి. నమూనాలోంచి డీఎన్ఏ వేరుచేసి, ఏ జీవులు ఉన్నాయో యంత్రం చేత చదివించడం చిట్టి పని. ముందుగా రోగులవి పూర్తిచేసింది. డీఎన్ఏ వేరుచేసే ద్రావణాల కిట్టు అయిపోవస్తే కొత్త పెట్టె తెప్పించి రైతులవీ, మట్టివీ చేసింది.

ఫలితం చూసి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒక బ్యాక్టీరియా కొద్దికొద్దిగానే అయినా ప్రతి మట్టిలోనూ ఉంది, ప్రతి రైతులోనూ ఉంది. రోగుల్లో ఒక్కరిలోనూ లేదు. ఆ లోటే వాళ్ల జబ్బుకు కారణమైతే, దాన్నే మందుగా ఇవ్వొచ్చు. ఆమెకు గైడుగా ఉన్న ప్రొఫెసరు ఆ వారమే ఒక శాస్త్రవేత్తల సభలో దీన్ని గొప్పగా చెప్పేశాడు. చిట్టి కూడా పట్టలేక బావకు ఫోన్ చేసింది. ఇంకా తేలలేదని అంటూనే ఉంది గానీ, గొంతులో సంతోషం ఆ మాటను మింగేసింది.

వ్యాసం రాస్తుంటే ఒక్క వాక్యం మిగిలింది. ఏ నమూనా వేయక వట్టి నీళ్లే పోసిన ఖాళీ గొట్టంలో ఏమీ కనిపించలేదని రాయాలి. మొక్కుబడిగా ఆ పరీక్ష కూడా చేసేసింది. ఖాళీ గొట్టంలో అదే బ్యాక్టీరియా కనిపించింది.

తన చేతుల వల్లే అనుకుని గ్లవ్స్ మార్చింది, బల్ల కడిగింది, నీళ్లు మార్చింది. మళ్లీ అదే. ఫ్రిజ్ అడుగున పాత కిట్టు ద్రావణం కాస్త మిగిలి ఉంటే దానితోనూ చేసి చూసింది. అందులో ఏమీ లేదు. ఇక అనుమానం లేదు. అది మట్టిలోదీ కాదు, మనుషుల్లోదీ కాదు. కొత్త పెట్టెలోది. రోగుల నమూనాలు పాత పెట్టెతో చేసింది కాబట్టే వాళ్లలో కనిపించలేదు.

ప్రొఫెసరు విని, కొంచెం మురికి అన్ని ల్యాబుల్లోనూ ఉంటుందన్నాడు.

"రోగుల్లో లేదన్నదే మన వ్యాసం సార్. ఆ తేడా పెట్టెలది, మనుషులది కాదు."

"ఈ పరీక్ష మొదట్లోనే ఎందుకు చెయ్యలేదు?"

"చేద్దామన్నాను సార్. నీళ్లమీద కిట్టు తగలెయ్యొద్దన్నారు."

ఆయన కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నాడు. కిట్టు కంపెనీకి రాస్తే, తమ సరుకులో బతికున్న క్రిములు ఉండవని హామీ ఇచ్చామే గానీ, చచ్చినవాటి డీఎన్ఏ ఉండదని ఎక్కడా చెప్పలేదని జవాబొచ్చింది. చిట్టికి ఎవరినైనా తిట్టాలనిపించింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

చిట్టి డాక్టరుకూ సంగతి చెప్పింది. తన వార్డులో ఒక పెద్దావిడకు, త్వరలో కొత్త వైద్యం రావచ్చని ఆశపెట్టాడట. ఇప్పుడు తనే వెళ్లి కాదని చెప్పాలన్నాడు.

బావకు ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పక చిట్టి పొలానికే వెళ్లింది. సగం పొలం పచ్చగా ఉంది. మిగతా సగంలో ఆకులనిండా నల్లటి మచ్చలు.

"ఇటువైపు తెగులు మందు కొట్టలేదు. నీ జీవి చస్తుందేమోనని," అన్నాడు బావ.

చిట్టి జరిగింది మొత్తం చెప్పింది.

"అయితే నా కడుపులో అది లేనట్టేనా?"

"లేదు బావా. మట్టిలోనూ లేదు."

"మరి మందు నేలకి మంచిదా, చెడ్డదా? అదైనా చెప్పు."

"తెలీదు. మట్టిలో ఏం బతుకుతోందో తెలిస్తే అదీ తెలుస్తుందనే మొదలుపెట్టాను."

"తెలిసేదాకా ఫోన్ చెయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

గట్టుమీద నిలబడ్డ అక్క కలగజేసుకుంది. చిట్టి మందు మానమని చెప్పలేదు, కడుపులో వింత పురుగు ఉందని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది ఆయనేనంది. ముగ్గురూ కలిసి బాగా ముదిరిన మొక్కలు పీకి సంచుల్లో కుక్కారు. చిట్టి చేతులకు అంటిన ఆకుపచ్చ పసరు ఎంత కడిగినా పోలేదు.

ఫ్రీజరులో మిగిలిన నమూనాలన్నింటినీ మురికి లేదని తేలిన ఒకే పెట్టెతో, ఖాళీ గొట్టాలు పక్కన పెట్టుకుని మళ్లీ చేసింది. ఆ బ్యాక్టీరియా ఎక్కడా లేదు. యాంటీబయాటిక్స్ వాడినవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు తక్కువని మాత్రం తేలింది. అది లోకానికి ఎప్పుడో తెలిసిన సంగతే. ప్రొఫెసరు సభవాళ్లకు రెండు వాక్యాల సవరణ పంపాడు. కిట్టు గురించి చిట్టి హెచ్చరికగా ఒక చిన్న వ్యాసం రాస్తే, అందులో తన పేరు వద్దన్నాడు. ఆమె తన ఒక్క పేరుతోనే పంపింది.

తరువాతి పంటకు మట్టి కోసం మళ్లీ వెళ్తే బావ కాదనలేదు. మందు ఈసారి పొలమంతా కొట్టానని చెప్పాడు, పార తెచ్చి తనే తవ్విచ్చాడు.

"ఏం తేలినా నాకు చెప్పకు. మీవాళ్లంతా ఔనన్నాక చెప్పు," అన్నాడు.

ప్రొఫెసరు మాటలకంటే ఇది లోతుగా దిగింది. అయినా తప్పనలేకపోయింది. సంచి మూతి కట్టి పక్క రైతు గేటు దాకా నడిచింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, గేటు మాత్రం తియ్యలేదు. మట్టి కూడా ఇవ్వనన్నాడు. ఆమె కాసేపు నిలబడి, ఆ పక్కనున్న మరో రైతు ఇంటి వైపు కదిలింది.