నూగు చెవుల మొక్క

“ఈ మొక్క చచ్చిపోతుందేమోనండీ, నాకెందుకో భయంగా ఉంది,” అంది ఆవిడ, కిటికీలో నిక్షేపంగా ఉన్న మొక్కను చూస్తూ.

తన సెలూన్‌కి బయల్దేరుతున్న భర్త చెప్పులేసుకుంటూ, “ఆ సంగతి పాపం మొక్కకి తెలీదు, గట్టిగా అనకు,” అన్నాడు.

మొక్క కూతురిది. కుందేలు చెవుల్లా నిక్కిన దళసరి ఆకులు, వాటి నిండా తెల్లటి నూగు. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆమధ్య మబ్బు పట్టిందని ఆవిడ ఆ దుకాణానికి ఫోన్ చేసి, “మా పిల్లకి ఊరికే జలుబు చేస్తుందండీ, వాన తగ్గేదాకా పంపకండి,” అని చెప్పింది. యజమాని ఆ కబురు నలుగురి ముందూ పైకే వినిపించాడు. అంతే, కూతురు అమ్మతో మాట మానేసింది. భోజనం దగ్గర కూడా, “నాన్నా, ఉప్పు ఇటివ్వమను,” అనడమే.

పిల్ల మాట్లాడకపోతే పోయె, దాని మొక్కనైనా కంటికి రెప్పలా చూసుకుందామనుకుంది ఆవిడ. అదే కొంప ముంచింది. మట్టి పొడిగా కనిపిస్తే చాలు, చెంబెడు నీళ్ళు. ఆపైన ఆ నూగును బూజనుకుని, తడిగుడ్డతో ఒక్కో ఆకునూ రుద్ది రుద్ది తుడిచింది.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆకులు ఉడికినట్టు మెత్తబడి రాలిపోసాగాయి.

“అయ్యో, చంపేశాను! ఇక పిల్ల జన్మలో నాతో మాట్లాడదు!”

“బూజు కాదే పిచ్చిదానా, అది దాని జుట్టు,” అన్నాడు భర్త. “ఇంత నున్నటి గుండు నేను కూడా ఎవరికీ గియ్యలేదు.”

ఆవిడ కుండీని చంకనెత్తుకుని, వీధి చివర మొక్కలమ్మే ఆమె దగ్గరికి పరుగెత్తింది. ఆమె కుళ్ళిన కాండం కోసి పారేసి, గట్టిగా మిగిలిన కొసను చేతిలో పెట్టింది.

“కోసినచోట బాగా ఆరనిచ్చి, ఇసక మట్టిలో గుచ్చండి. వేళ్ళు పట్టేదాకా నీళ్ళు పొయ్యకండి.”

“దాహమేస్తేనో?”

“ఆకుల్లో దాచుకునే ఉంటుందమ్మా. మీరు కాస్త దూరంగా ఉండండి, చాలు.”

సాయంత్రం కూతురు రాగానే ఆవిడ జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది. కూతురు ఆ కొస వంక చూసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తిట్టినా బావుండేదనిపించింది ఆవిడకి.

మర్నాడు చెంబు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. “దీన్ని సెలూన్‌కి పట్టుకుపోండి. కళ్ళెదుట ఉంటే నా చెయ్యి ఊరుకోదు.”

కొస ఆరాక మట్టిలో గుచ్చింది. అప్పట్నుంచీ కిటికీ దాటేటప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకునేది. ఎండకి వాడిందేమో, గాలికి ఒరిగిందేమో అని ప్రాణం పీకుతున్నా పెదవి విప్పలేదు.

ఒక సెలవు రోజు పొద్దున ఉండబట్టలేక వేలితో మెల్లిగా లాగి చూసింది. కొస కదల్లేదు.

“రావట్లేదే! వేళ్ళు పట్టిందే!”

ఆ కేకకి కూతురు గుమ్మంలోకి వచ్చింది.

“చుక్క నీళ్ళు పొయ్యలేదే, కావాలంటే మీ నాన్ననడుగు!”

“నేను సాక్షి. మొక్క కోలుకుంది, మీ అమ్మే వాడిపోయింది,” అన్నాడు తండ్రి.

కూతురు వంగి చూసింది. నడిమధ్యలో గోరంత కొత్త ఆకు, ఒళ్ళంతా నూగుతో. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుంది.

“ఇప్పుడు పొయ్యొచ్చమ్మా,” అంది కూతురు. “ఒక్క గరిటెడు. నువ్వే పొయ్యి.”