నాలుగు గడుల్లో పిల్లలకోడి

మాచవరంలో మా పెరటి మీది ఆకాశం పిడుగురాళ్ల ఆకాశం కంటే నల్లగా ఉంటుంది. సున్నపు బట్టీల పొగ ఇంతదూరం రాదు. చలికాలంలో అన్నాలు కాగానే నవారు మంచాలు పెరట్లోకి చేరతాయి. దుప్పట్లు కప్పుకొని పడుకుంటే పైన పిల్లలకోడి కనిపిస్తుంది. పంచాంగం దాన్నే కృత్తిక అంటుంది. చిన్న చుక్కలు కొన్ని ఒక్కచోట ఒదిగి ఉంటాయి.

వాటిని లెక్కపెట్టడానికి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి కంటికి ఎన్ని కనిపిస్తే అన్నే చెప్పాలి. ఎదుటివారి లెక్క తప్పనకూడదు. మావారి కళ్లలో శుక్లాలు, కాబట్టి ఆయనకు నాలుగు. నాకు ఐదు. కోడలు సింధూజకు ఆరు. ఆరో తరగతి చదువుతున్న మనవరాలు నిఖితకు ఏడు.

"నాలుగేంది తాతా? మిగతా పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయిందా?"

"రెక్కల కింద పడుకున్నయ్యే. నీలాగా అరిచేయి కాదు అయ్యి."

మా అబ్బాయి శ్రీహర్ష మాత్రం ఈ సభకు ఎన్నడూ రాలేదు. బట్టీ నుంచి వచ్చి, వరండాలో ఫోను పట్టుకొని కూర్చునేవాడు.

డిసెంబరులో నిఖిత చదివే బడిలో సెక్షన్లు మార్చే పరీక్ష పెట్టారు. అందులో ఒక ప్రశ్న: కృత్తికల గుంపులో మామూలు కంటికి కనిపించే నక్షత్రాలు ఎన్ని? నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఒక గడిని నల్లగా దిద్దాలి. నిఖిత నాలుగు గడులూ దిద్ది వచ్చింది. యంత్రం దాన్ని తప్పుగా లెక్కకట్టి, ఉన్న మార్కుల్లోంచి మరొకటి కోసింది. స్నేహితురాలు రబియా మొదటి సెక్షన్లో మిగిలింది. మా పిల్ల రెండోదానికి దిగింది.

"రేపటి నుంచి పెరట్లో మంచాలు వెయ్యొద్దు. ఆ టైములో పుస్తకం పట్టుకోవాల," అన్నాడు శ్రీహర్ష. నిఖిత ఏడవలేదు. తన దుప్పటి మడిచి లోపల పెట్టేసింది. అది నేను సహించలేకపోయాను.

మర్నాడు బడికి వెళ్లాను. డీన్ మర్యాదస్తుడైన కుర్రవాడు.

"కీలో ఏడు ఉంది మేడమ్."

"మీకెన్ని కనిపించాయి?"

"నాకా? నేనెప్పుడూ చూళ్లేదండీ."

"మరి మీ యంత్రం?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చూడనివారు ప్రశ్న వేసి, చూడలేని యంత్రం చేత దిద్దించి, చూసిన పిల్లకు మార్కు కోసే ఏర్పాటును ఏమంటారో చెప్పమన్నాను. ఆయన క్యాలెండరు వైపు చూశాడు. సోమవారం అదే పేపరు మళ్లీ రాయనిస్తానన్నాడు.

ఆదివారం సాయంత్రం శ్రీహర్ష కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ఏడు దిద్దు, చాలు. ఫస్ట్ సెక్షను నీదే. మంచాలు మళ్లీ వేసుకోండి, నేనేం అనను."

సోమవారం నిఖిత మిగిలిన ప్రశ్నలన్నీ చక్కగా రాసింది. ఆ ఒక్క ప్రశ్నకు ఏ గడీ దిద్దకుండా వదిలేసింది. ఒక్క మార్కు తేడాతో సెక్షను మళ్లీ పోయింది.

"నీకు కనపడేది ఏడే. కీలో ఉందీ ఏడే. నీకేం పోయేకాలమే, ఎందుకు దిద్దలా?" శ్రీహర్ష గొంతు వీధిలోకి వినిపించింది.

"నాలుగు గడులూ దిద్దితే ఒప్పుకోరంట. ఏడొక్కటే దిద్దితే తాతది తప్పని నేను రాసిచ్చినట్టే గదా. నాయనమ్మదీ, అమ్మదీ గూడా."

"ఆ పేపరు మీ తాతకేమన్నా చూపిస్తారటే?"

"నాకు తెలుసుగా నాన్నా."

మావారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు, చాలాసేపు. శ్రీహర్ష కూతురి వంక, తండ్రి వంక మార్చి మార్చి చూశాడు. ఆపైన ఫోను బల్ల మీద బోర్లించి, గోడకు చేరేసిన మంచాన్ని తానే భుజాన వేసుకొని పెరట్లోకి నడిచాడు. సింధూజ దుప్పట్లు అందుకుంది.

"ఏదే మీ కోడి?"

"అటు గాదు నాన్నా, అది బట్టీల వైపు." నిఖిత అతని గడ్డం పట్టుకొని ముఖాన్ని పైకి తిప్పింది.

"ఓర్నీ. చానా చిన్నగుందే."

"ఎన్నిరా?" అన్నారు మావారు పక్క మంచం మీంచి.

"ఉండు నాన్నా, తొందరపెట్టమాక. లెక్కపెడుతున్నా."