చలికి ఆగే గడియారం

ఊరంతా బ్యాటరీ వాచీలకి మారిపోయిన రోజులవి. మలికిపురంలో గడియారాలు బాగుచేసే వెంకటరత్నానికి అసలే ముక్కుమీద కోపం. గానుగ నూనె కొట్టు మాణిక్యాలరావు తెచ్చిన పాతకాలపు స్విస్ చేతిగడియారంలో స్టాప్‌వాచీ కూడా ఉంది. వెంకటరత్నం దాన్ని విప్పి, ప్రతి చక్రాన్నీ పెట్రోల్లో కడిగి, సూదిమొనతో నూనె తాకించి, బొత్తాం నొక్కగానే ముల్లు పరుగెత్తేలా చేశాడు. పట్టుమని పది రోజులు కాకుండానే అది వెనక్కొచ్చింది.

"మధ్యాహ్నం బాగానే తిరుగుతుందండీ. ఇలా పొద్దున్నే చలికి మాత్రం ముల్లు కదలదు," అన్నాడు మాణిక్యాలరావు.

గడియారానికి చలేమిటని విసుక్కుంటూ వెంకటరత్నం వెనక మూత తీశాడు. చక్రాల పళ్ల మధ్య తెల్లగా, వెన్నలా ఏదో గడ్డకట్టి ఉంది. వాసన చూశాడు.

"ఇందులో కొబ్బరినూనె పోసేరా?"

"ఆయ్! మీరు మరీ పిసినారిగా చుక్కేసేరని, మా గానుగదే నిండా పోసేనండి."

"చలికి పేరుకుపోయిందండీ బాబూ! నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైపోయింది!"

మాణిక్యాలరావు మొహం వెలిగిపోయింది.

"కల్తీదైతే పేరుకోదు కదండీ! ఆ మూత పెట్టకండి. మా నూనెని శంకించేవాళ్లందరికీ చూపించొస్తాను."